గమ్‌బూట్లు మా ఇంటికొచ్చిన రోజు

నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రోజు నేను వట్టి కాళ్ళతో ఇంటికి నడిచొచ్చాను. ఎండకి తారు రోడ్డు మాడిపోతోంది. అయినా నాకు తెలీలేదు, కడుపులో అంతకన్నా పెద్ద మంట ఉంది మరి. గుమ్మంలో వల అల్లుకుంటున్న మా ఆయన నా కాళ్ళు చూసి, "సెప్పులేవే?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, చెప్పులు ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునే గదిలోనే ఉండిపోయాయని.

విమానాశ్రయం వస్తుందని భోగాపురం చుట్టూ భూముల బేరాలు జోరుగా సాగుతున్న ఏళ్ళవి. మా రేవు అక్కడికి దగ్గరే. ఊళ్ళో మగాళ్ళు వేటకి పోతే, ఆడవాళ్ళం చాలామంది రొయ్యల ఫ్యాక్టరీకి పోయేవాళ్ళం. పడవ తిరగబడి మా ఆయన నడుం దెబ్బతిన్నాక ఆయన వేటకి వెళ్ళడం తగ్గిపోయింది, వల బాగుచేసే పని మాత్రం చేసేవాడు. ఇల్లు నడిచేది నా పని మీదే. అది పోతే మాకు ఇంకో దారి లేదు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

రొయ్య తల తియ్యడం, పొట్టు వలవడం, సైజుల వారీగా ఏరడం మా పని. పొద్దున్నించి సాయంత్రం దాకా చేతులు ఐసునీళ్ళలోనే. ముల్లు గుచ్చుకున్న చోట క్లోరిన్ నీళ్ళు తగిలి చర్మం తెల్లగా నానిపోయేది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే కూరలో కారం వేళ్ళకి పట్టి కళ్ళనీళ్ళొచ్చేవి. చివరికి చెంచాతో తినడం మొదలెట్టాను. "దొరసానివైపోనావే" అని మా ఆయన వెక్కిరించేవాడు.

గ్లౌజులు లేవా అంటే, ఉన్నాయి. స్టోరు రూములో అట్టపెట్టెల నిండా ఉన్నాయి. సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్ళు తనిఖీకి వచ్చే రోజున అవి బయటికొచ్చేవి. ఆ పూట అందరి చేతులకీ తళతళలాడే గ్లౌజులు, గోడకి కొత్త పోస్టర్లు, సూపర్వైజరు నోట "అమ్మా" అనే పిలుపు. వాళ్ళ కార్లు గేటు దాటగానే సూపర్వైజరు బుట్ట పట్టుకుని వరసంతా తిరిగి గ్లౌజులు వసూలు చేసుకునేవాడు, పెళ్ళికి అద్దెకి తెచ్చిన నగలు వెనక్కి తీసుకున్నట్టు.

ఆ రోజు బుట్ట నా దగ్గరికొచ్చేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"బాబూ, ఇయ్యి మాకు ఉంచీండి. సేతులు సూడండి ఎలగున్నాయో" అన్నాను.

ఆయన విజయనగరం టౌనువాడు. మా మాట వింటే మూతి ఒక పక్కకి పెట్టేవాడు. "నాకు రూల్సు చెప్తావా? ఇవ్వకపోతే రేపట్నుంచి రావక్కర్లేదు" అన్నాడు.

"రావక్కర్లేదా?"

"అక్కర్లేదు. నీలాంటోళ్ళు గేటు బయట బోల్డంత మంది."

గ్లౌజులు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. తర్వాత టోపీ తీశాను. ఏప్రాన్ విప్పాను. గమ్‌బూట్లు కూడా విప్పి, నీళ్ళు వంపి, ఆయన ముందే పెట్టాను. "ఇయ్యన్నీ మీయే. పట్టండి" అని తలెత్తుకుని బయటికి నడిచాను. వరసలో ఆడవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఇక్కడ మా రేవు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసింది వట్టి పొగరులా కనిపిస్తుంది. పడవలో పనిచేసే మనిషికి సావుకారుతో, అంటే పడవ యజమానితో, తగువొస్తే మా రేవులో గొంతు చించుకోరు. ఆ మనిషి తన తెడ్డు పట్టుకెళ్ళి సావుకారు చేతిలో పెట్టి ఇంటికొచ్చేస్తాడు. పని మానేశానని దానర్థం కాదు. నాకు మనసు కష్టపడింది, నువ్వే వచ్చి తేల్చు అని. అప్పుడు సావుకారు ఆ తెడ్డు పట్టుకుని వాళ్ళింటికి రావాలి, తగువు తీర్చుకోవాలి, తెడ్డు మళ్ళీ ఆ మనిషి చేతిలో పెట్టాలి. అందాకా పడవలో ఆ చోటు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇప్పుడు పడవలన్నిటికీ ఇంజన్లొచ్చాయి, అయినా తెడ్డు పద్ధతి పోలేదు.

నా తెడ్డు నేను ఇచ్చేశాను. ఇక రావాల్సింది వాళ్ళు. మర్నాడు పొద్దున్నే వాకిలి ఊడ్చి, పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాను. ఫ్యాక్టరీవాళ్ళు వస్తే కింద కూర్చోబెట్టలేం కదా. ఆ కుర్చీలో మా కోడి ఎక్కి కూర్చుంది తప్ప ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చివరికి నా పక్కన పనిచేసే వదిన వచ్చి, ఆ కుర్చీ వంక చూసి, "నీ బల్ల కాడ ఇంకో గుంటని నిలబెట్టీసినారే" అని చెప్పింది. తీసేసిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

గేటు దగ్గరికెళ్ళాను. వాచ్‌మన్ లోపలికి వెళ్ళనివ్వలేదు. "నువ్వే మానేశావంట కదమ్మా. బూట్లు, ఏప్రాను అన్నీ అప్పజెప్పేశావంట. ఆఫీసులో అలాగే చెప్తున్నారు" అన్నాడు. చెప్పులైనా ఇమ్మన్నాను. లోపలి వస్తువు బయటికి ఇవ్వడానికి తనకి పర్మిషన్ లేదన్నాడు. నా చెప్పులు కూడా కంపెనీ సొత్తయిపోయాయి.

ఆ వారంలోనే, మమ్మల్ని పనికి కుదిర్చే మేస్త్రీ ఆవిడ ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చింది. సంతకం పెడితే రావలసిన జీతం ఇచ్చేస్తారంది. నా ఇష్టంతోనే మానేశానని, కంపెనీతో నాకు ఏ తగువూ లేదని అందులో రాసుంది. పదో తరగతి చదివాను కాబట్టి చదవగలిగాను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. మా ఆయన నా వంక చూడకుండా వల ముడులే వేస్తున్నాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ "నా ఇష్టంతోనే" అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. రేపు చూద్దామని చెప్పి ఆవిడని పంపేసి, గజపతినగరంలో ఉన్న మా మేనమామకి ఫోను చేశాను.

మావయ్య జూటు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మిల్లు లాకౌటైనప్పుడు విజయనగరం లేబరాఫీసు చుట్టూ తిరిగి తిరిగి, అక్కడి టీ కొట్టువాడితో చుట్టరికం కలుపుకున్న మనిషి. ఫోనులో ఉన్నంతసేపూ నన్ను తిట్టాడు. మర్నాడు బస్సు దిగి మా ఇంటికొచ్చి, చేపల పులుసుతో అన్నం తిని, అప్పుడు మొదలెట్టాడు.

"సూడూ, ఆళ్ళిచ్చిన కాయితం మీద నువ్వు సంతకం ఎట్టకు. నువ్విచ్చిన కాయితం మీద ఆపీసోళ్ళ స్టాంపు ఎట్టించుకో. అంతే."

"నోటితో రావద్దనీసినాడు కద మావయ్యా, ఇంకేటున్నాది?"

"నోటితో అంటే సెల్లదే. ఏడాదిపాటు సరిగ్గా పనికెల్లినోళ్ళని తీసీయాలంటే, ఏటి తప్పు సేసినారో రాసి అడగాల. జవాబు ఇనాల. ఇచారణ ఎట్టాల. నోటీసివ్వాల. నువ్వెన్నేళ్ళెల్లినావు?"

"నాలుగేళ్ళు."

"మరింకేటి. లెగు."

మా ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "లేబరాపీసుకెల్తే ఈ ఒడ్డునున్న ఏ ఫ్యాక్టరీ కూడా దీనికి గేటు తియ్యదు మావా" అన్నాడు. అది పిరికితనం కాదు, నిజమే. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల మేస్త్రీలందరూ ఒకళ్ళకొకళ్ళు తెలుసు. ఓడిపోతే నాకు ఆ ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, రొయ్యల పనే ఉండదు. మావయ్య, "సంతకం ఎడితే మాత్రం తీస్తారేటి?" అన్నాడు. మా ఆయన వల పక్కన పెట్టి, నేను అక్కడ పనిచేసినట్టు రుజువు చూపే ఈఎస్సై కార్డు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు.

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి లేబరాఫీసుకి నడిచి వెళ్ళాం. మావయ్య చెబుతుంటే అర్జీ నేనే రాశాను. దాని నకలు మీద గుమస్తా స్టాంపు కొట్టి ఇచ్చాడు. ఆ టకామన్న చప్పుడు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కొన్నాళ్ళకి ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతామని పిలుపొచ్చింది.

లేబరాఫీసరు ఒక ఆవిడ, యాభై దాటి ఉంటాయి. ఫ్యాక్టరీ తరఫున హెచ్ఆర్ ఆఫీసరు వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని కుర్రాడు. ఆయన చెప్పింది ఒకటే మాట. ఎవరూ తీసెయ్యలేదు, ఈమే మానేసింది, కంపెనీ సామానంతా తన చేతులతో అప్పజెప్పి వెళ్ళింది, చూసినవాళ్ళు వరసంతా ఉన్నారు.

మేడమ్ నా వైపు తిరిగింది. "బూట్లు నువ్వే ఇచ్చేశావా అమ్మా?"

"ఇచ్చీసినానండి."

"ఎవరైనా విప్పమన్నారా?"

"లేదండి. నానే విప్పి ఎట్టినాను."

మావయ్య తల పట్టుకున్నాడు. హెచ్ఆర్ ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. అది మా పద్ధతండీ, తెడ్డు ఇచ్చినట్టండీ అని నేను చెప్పబోతే ఆయన నవ్వేశాడు. ఆ నవ్వు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మేడమ్ మాత్రం నవ్వలేదు. తెడ్డు ఏమిటో వివరంగా చెప్పమంది, విని, ఇంకో రోజు రమ్మంది.

వరండాలో మావయ్య నామీద విరుచుకుపడ్డాడు. "బూట్లెందుకిచ్చీసినావే? నాకొక్క ముక్క సెప్పినావా? మిల్లులో మేం పనిముట్టు సేతిలోంచి ఒదిలేవోళ్ళం కాదే." ఆయన మెట్ట ప్రాంతం మనిషి, సముద్రం పద్ధతి ఆయనకేం తెలుసు. నేను మొదట్నించీ చెప్పాను. టీ తాగుతూ విన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఈ మాట నీ నోట ఇంటే కత. ఆ సావుకారు నోట ఇంటే సాక్షికం. తీసుకొస్తావేటి?" అన్నాడు.

మా ఆయన పనిచేసిన పడవ సావుకారు నాకు వరసకి పెదనాన్న. ఒకప్పుడు మా ఆయన కూడా ఆయనకి తెడ్డు ఇచ్చేసి వచ్చినవాడే, ఆయన మా గుమ్మంలోకొచ్చి తిరిగిచ్చినవాడే. నేను అడగ్గానే, "ఏటకెల్లడం మానుకుని రావాలేటే?" అని గొణిగాడు. కానీ వాయిదా రోజున తెల్లచొక్కా తొడుక్కుని, భుజాన నిజం తెడ్డు వేసుకుని బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కొట్టాలా వద్దా అని ఆలోచించి వదిలేశాడు. లేబరాఫీసులో గుమస్తాలు ఫైళ్ళు మూసి మరీ చూశారు.

పెదనాన్న మేడమ్‌కి దణ్ణం పెట్టి, తెడ్డు గోడకి చేరేశాడు. "అమ్మా, మా రేవులో తెడ్డు సేతికిచ్చినోడు మానీసినోడు కాదు. పిలవమన్నోడు. మానీసినోడు ఎవులికీ ఇవ్వడు, ఇసకలో ఒగ్గీసి ఇంకో పడవ సూసుకుంటాడు. ఈ గుంట బూట్లు సేతికే ఇచ్చినాది కద. నానైతే ఆ సాయంత్రమే ఎల్దును. ఈ బాబులెవులూ రానేదు."

"మేడమ్, ఇది ఫ్యాక్టరీ. పడవ కాదు. ఇక్కడ పడవ పద్ధతులు చెల్లవు" అన్నాడు హెచ్ఆర్ ఆఫీసరు.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సరే. పడవ పద్ధతి వద్దు, ఫ్యాక్టరీ పద్ధతే చూద్దాం. ఈమె రాజీనామా రాసిచ్చిందా?"

"నోటితో..."

"ఈమె రాకపోతే, ఎందుకు రావడం లేదని నోటీసు పంపారా? తప్పు చేసిందంటే, ఏం తప్పో రాసిచ్చి విచారణ చేశారా? అవేవీ లేకుండా ఈమె చోట ఇంకొకర్ని ఎలా పెట్టారు?"

ఆయన తన ఫైలు తిరగేశాడు. గోడకున్న తెడ్డు వంక చూశాడు. పడవ పద్ధతి ప్రకారం వాళ్ళు మా ఇంటికి రావాలి. ఫ్యాక్టరీ పద్ధతి ప్రకారం కాగితం పంపాలి. రెండూ చెయ్యలేదు.

"ఇక్కడ తేలకపోతే మేం నేరుగా లేబర్ కోర్టుకే పోతాం బాబూ" అన్నాడు మావయ్య, చాలా మర్యాదగా. మేడమ్ అవునంది. ఇక్కడ తీర్పు చెప్పే అధికారం తనకి లేదనీ, రాజీ మాత్రమే కుదర్చగలననీ, కోర్టు దాకా వెళ్ళి విచారణే జరగలేదని తేలితే ఖాళీగా ఉన్న కాలమంతటికీ జీతం కట్టాల్సి రావచ్చనీ ఆయనకి నెమ్మదిగా చెప్పింది. ఆయన ఫోను తీసుకుని బయటికెళ్ళాడు. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే కిటికీలోంచి కనిపిస్తున్నాడు. తిరిగొచ్చేసరికి ఇస్త్రీ మడత కొంచెం నలిగింది.

పనిలోకి తీసుకుంటామన్నారు. సర్వీసు తెగినట్టు కాకుండా, పోయిన రోజుల జీతంతో సహా. మేడమ్ అదంతా రాయించి, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడిగింది.

"గ్లౌజులండి. నాకొక్కదానికే కాదు, వరసంతటికీ. తనికీ రోజునే కాదు, రోజూ."

రాయించింది.

"ఇంకోటండి. నా బూట్లు మా ఇంటికొచ్చి ఇవ్వాల. తీసుకున్నాయన సేత్తోనే."

హెచ్ఆర్ ఆఫీసరు నోరు తెరిచాడు. మేడమ్ నవ్వు బిగబట్టి, "అది చట్టంలో లేదమ్మా, నేను రాయలేను" అంది. "అది మా సట్టమండి" అన్నాడు పెదనాన్న, తెడ్డు భుజానికెత్తుకుంటూ. హెచ్ఆర్ కుర్రాడు ఎందుకో తెలీదు, తలూపేశాడు. తొందరగా ఆ గదిలోంచి బయటపడాలనుకున్నాడేమో.

వాళ్ళు వస్తారని మా ఆయన నమ్మలేదు. నేనూ పైకి అన్నానే గానీ పూర్తిగా నమ్మలేదు. అయినా వాకిలి ఊడ్చి, కుర్చీ తెచ్చి వేశాను. కోడిని ఈసారి కట్టేశాను. పొద్దు తిరిగాక ఫ్యాక్టరీ జీపు ఊరి బయట ఆగింది. అక్కణ్ణించి ఇసకే, జీపు రాదు. సూపర్వైజరు బూట్లనిండా ఇసక పోసుకుంటూ, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని నడిచొచ్చాడు. వలలు ఆరేస్తున్నవాళ్ళు, ఎండుచేప ఏరుతున్నవాళ్ళు, అందరూ లేచి వెనకాలే వచ్చారు.

కవరు అరుగు మీద పెట్టబోయాడు.

"సేతిలో ఎట్టాల బాబూ" అన్నాడు పెదనాన్న.

ఆయన కవరులోంచి బూట్లు తీశాడు. వాటి కిందనుంచి నా చెప్పులు కూడా తీశాడు. అవి ఇవ్వమని ఎవరూ చెప్పలేదు, ఆయనకే గుర్తొచ్చాయి. రెండు చేతులతో నా చేతుల్లో పెట్టి, "రేపు ఎప్పటి టైముకే రామ్మా" అన్నాడు. తనిఖీ లేని రోజున ఆయన నోట "అమ్మా" అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వే గెలిచింది. ఆ తర్వాత నా బతుకులో చాలా మంచి రోజులొచ్చాయి గానీ, అంత సంతోషం మాత్రం మళ్ళీ రాలేదు.

తెడ్డు తెచ్చిన మనిషికి అన్నం పెట్టి పంపాలి, అదీ పద్ధతే. కుర్చీలో కూర్చోబెట్టి చేపల పులుసు వడ్డించాను. మొహమాటపడుతూనే కలుపుకున్నాడు. కారానికి ముక్కు తుడుచుకున్నాడు. ఆయన వేళ్ళవంకే చూస్తూ నిలబడ్డాను. ఒక్క గాటు కూడా లేదు.

మర్నాటినుంచి బల్లల మీద గ్లౌజులుండేవి. కొన్నాళ్ళకి నేను కూడా చెంచా పక్కన పెట్టేసి చేత్తోనే తినడం మొదలెట్టాను.

ఆ ఏడు వానలు తగ్గాక, బొబ్బిలి వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో అద్దెకుంటున్న ఒకావిడకీ సూపర్వైజరుకీ మాటా మాటా వచ్చింది. బాత్రూముకి వెళ్ళి ఆలస్యంగా వచ్చిందని గొడవ. కోపం పట్టలేక, "రేపట్నుంచి రావక్కర్లేదు" అనేశాడు. వరసంతా ఆగిపోయింది. ఆవిడకి సముద్రమంటే భయం, తెడ్డు ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు. స్టూలు మీద కదలకుండా కూర్చుంది. బూట్లు విప్పలేదు.

"రాసివ్వండి సారూ. ఏటి తప్పు సేసినానో కాయితం మీద రాసివ్వండి" అంది.

ఆయన ఆవిడ వంక చూశాడు. గ్లౌజులేసుకుని ఆగిపోయిన మా చేతుల వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. "పని చూసుకోండి" అని గొణిగి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ బూట్లు పైకి లాక్కుని, రొయ్యల ట్రే దగ్గరికి జరుపుకుంది.